మేస్త్రికి మూడు సీట్లు

కుటుంబ విహార శాఖ అని ఒక శాఖ ఉన్నట్టు మా జిల్లాలో చాలామందికి తెలియదు. తెలియదన్న సంగతి శాఖకి తెలుసు. అందుకని అందరికీ తెలిసేలా ఏదైనా చెయ్యాలని అది చాలా ఏళ్ళుగా అనుకుంటూ ఉండేది. చివరికి ఆ శాఖలో ఒక పెద్దాయన శిక్షణకని ఏదో చల్లటి దేశం వెళ్ళి, అక్కడి కుటుంబాలు కుక్కల్ని పెద్ద పెద్ద కార్లలో ఎక్కించుకుని అడవుల్లోకి పోయి గుడారాలు వేసుకోవడం చూసి వచ్చాడు. ఆ కార్లు ఎంత విశాలంగా ఉన్నాయో, ఆ కుక్కలు ఎంత బుద్ధిగా కూర్చున్నాయో వివరిస్తూ నలభై పేజీల నివేదిక రాశాడు. మూడు నెలలు తిరక్కుండా 'శునక సహిత కుటుంబ విహార పథకం' వచ్చేసింది.

పథకం జనానికి కనపడాలి కదా. కొండల మీద మనుషులు విడిది చేసే పన్నెండు చోట్లు చూసి, పన్నెండింటికీ గేట్లు పెట్టారు. గేటు లేనప్పుడు అక్కడికి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళేవారు. గేటు వచ్చాక పథకం కింద వెళ్ళాల్సి వచ్చింది.

గొర్లె సన్యాసినాయుడికి ఇవేవీ తెలియవు. అతను ఒక ప్రైవేటు స్కూల్లో బస్సు డ్రైవరు. పది నెలలు పిల్లల అరుపుల మధ్య బస్సు నడిపి, వేసవి సెలవులు ఇవ్వగానే నాలుగు రోజులు నీలిగుప్ప కొండ మీదికి పోవడం అతనికి అలవాటు. పైన గెడ్డ ఒకటి పారుతుంది. దాని ఒడ్డున టార్పాలిన్ కట్టి, రాళ్ళ పొయ్యి పెట్టుకుని ఉండేవాళ్ళు. వాళ్ళంటే అతనూ, భార్య వరాలూ, అక్క పైడమ్మా, మూడు కుక్కలూ. వరాలు ఇంట్లోనే మిషను కుడుతుంది. పైడమ్మ మొగుడు పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆవిడ కప్పలకి తప్ప లోకంలో దేనికీ భయపడదు.

కుక్కల్లో పెద్దది మేస్త్రి. సన్యాసినాయుడు ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఎక్కడి నుంచో వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాపీ పని వాళ్ళ ఎదురుగా కూర్చుని పని చూసేది. ఇల్లు పూర్తయింది, మేస్త్రి మిగిలిపోయాడు. తర్వాత జున్ను, పులుసు వచ్చాయి. జున్ను తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పులుసు పేరు అది మొదటి రోజు చేసిన పనిని బట్టి వచ్చింది.

మేస్త్రికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. వెనక కాళ్ళు సరిగా నిలవవు. ఆ వేసవిలో ఎండలు ముదిరాక అన్నం ముట్టడం మానేశాడు. మజ్జిగ పోస్తే నాలుగు గుక్కలు తాగి, మళ్ళీ తల నేలకి ఆనించేవాడు. పశువుల డాక్టరు చూసి, "రోగమేం లేదు నాయుడూ. వయసు, వేడి. చల్లటి చోటుకి తీసుకుపో, మళ్ళీ తింటాడు. ఇక్కడే ఉంచితే ఈ మే నెల దాటడం కష్టం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. అతని పాత వ్యానులో వెనక సీట్లు ఎప్పుడో పీకేసి పరుపు పరిచాడు. పరుపు మీద మూడు కుక్కలు కాళ్ళు బారజాపుకుని పడుకుంటాయి. ఓ మూల పైడమ్మ కూర్చుంటుంది. ఘాటు రోడ్డంతా ఎక్కి, ఇంక గెడ్డ రెండు కిలోమీటర్లు ఉందనగా, కొత్త గేటు కనపడింది. గేటు దగ్గర జోగులు నిలబడ్డాడు. జోగులిది కొండ కింది ఊరే, సన్యాసినాయుడికి తెలిసినవాడే. ఇప్పుడు కొత్తగా టోపీ వచ్చింది.

జోగులు సి-బుక్కు అడిగి తీసుకుని, బండి లోపలికి తొంగిచూశాడు. "బుక్కులో అయిదు సీట్లున్నాయన్నా. బండిలో రెండే ఉన్నాయి."

"మిగతావి ఇంటికాడున్నాయి. మా పైడమ్మప్ప వాటి మీద వడియాలు ఎండేస్తాది."

"విశాలతా ధ్రువపత్రం ఉండాలంట. బండి ఇశాలంగా ఉందని శాఖవోళ్ళు రాసియ్యాల."

"నువ్వే సూడు జోగులూ, ఎంత ఇశాలంగా ఉందో. మూడు కుక్కలు కాళ్ళు సాపుకుని తొంగున్నాయి."

"నాకు కనపడతంది అన్నా. కనపడినట్టు రాసే అధికారం నాకు నేదు."

బండి వెనక్కి తిప్పారు. దిగుతుంటే చల్లగాలి అందినంతసేపూ మేస్త్రి ముక్కు పైకెత్తి వాసన చూశాడు. ఊరు దగ్గరపడి వేడి తగిలాక మళ్ళీ తల దించేశాడు.

శాఖ కార్యాలయంలో సూపరింటెండెంటు నరహరి గారిని కలవమన్నారు. నరహరి గారి నోట మామూలు తెలుగు వచ్చి పన్నెండేళ్ళయిందని ఆఫీసులో చెప్పుకుంటారు. టీ కావాలన్నా, "తేనీరు సరఫరా గావింపబడినదా" అనే అడుగుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఉత్తర్వు చూపించకుండా ఎవరినీ బాధపెట్టడు.

"ఉత్తర్వు నాలుగవ పేరా ప్రకారము శునకము కుటుంబ సభ్యుడిగా పరిగణింపబడును. ప్రతి సభ్యునకు ఒక సీటు ఉండవలెను. మీ కుటుంబమున సభ్యులెందరు?"

"ముగ్గురం మనుషులమండి. మూడు కుక్కలు."

"ఆరుగురు. మీ వాహనము అయిదు సీట్లది. అందునా గేటు నివేదిక ప్రకారము మూడు సీట్లు వడియముల నిమిత్తము మళ్ళింపబడినవి."

సన్యాసినాయుడు చేతులు కట్టుకున్నాడు. "బాబుగారూ, ఒక్క మాట. కుక్క సీటు మీద కూకోదండి, తొంగుంటాది. సీట్లు తీసేస్తేనే దానికి సోటు. ఎన్ని సీట్లుంటే అంత ఇరుకండి."

నరహరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాయుడుగారూ, విశాలత అనగా సీట్ల సంఖ్య. ఖాళీని కొలుచుటకు శాఖ వద్ద విధానము లేదు. సీట్లను లెక్కించుటకు కలదు."

దరఖాస్తులో సభ్యుల పేర్లు రాయమన్నాడు. పైడమ్మ ముందుకొచ్చి, "ఆ లిస్టులో నా పేరు కుక్కల ముందా, ఎనకా?" అని అడిగింది.

"అక్షర క్రమమున వచ్చునమ్మా."

అక్షర క్రమంలో జున్ను మొదట వచ్చింది, తర్వాత పులుసు, ఆ తర్వాత పైడమ్మ. మేస్త్రి మాత్రం ఆవిడ వెనకే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆ పూట జున్నుకీ పులుసుకీ అన్నం బాగా ఆలస్యమైంది.

ఆరు సీట్ల బండి కోసం వెతుకులాట మొదలైంది. మేస్త్రి ఎక్కగలగాలి, మూడూ పట్టాలి కాబట్టి కుక్కల్ని వెంటబెట్టుకుని మరీ కార్ల షోరూముకి వెళ్ళారు. అద్దాల తలుపు తీసిన అమ్మాయి కుక్కల్ని చూసి ఒక క్షణం ఆగింది గానీ, పథకం గురించి పేపర్లో చదివినట్టుంది, "రండి సార్, రండి మేడమ్" అంటూ మిగతా ముగ్గురి వైపూ కూడా చెయ్యి చాపింది.

మొదటి బండి నల్లగా నిగనిగలాడుతూ, ఎక్కే చోటే మనిషి నడుమంత ఎత్తున ఉంది. "పైకప్పు తెరుచుకుంటుంది సార్. మీ పెట్స్ ఆకాశం చూడొచ్చు."

"ఎక్కడానికి నిచ్చెనిస్తారా?" అంది పైడమ్మ.

మేస్త్రి ముందుకాళ్ళు మెట్టు మీద పెట్టి, వెనక కాళ్ళు తన మాట వినడం లేదని గుర్తొచ్చి, దించేశాడు. ఆ బండి అక్కడితో అయిపోయింది.

రెండోది పొడుగ్గా, కిందకి ఉంది. మూడు వరసలు, ఏడు సీట్లు. మేస్త్రి తేలిగ్గానే ఎక్కాడు. అయితే మూడో వరస నిలబెట్టి ఉంటే డిక్కీలో అన్నం గిన్నె ఒక్కటే పడుతుంది. మూడో వరస మడిచేస్తే రెండు కుక్కలు హాయిగా పడుకుంటాయి. మడిచేస్తే అయిదు సీట్లే.

"మడిచినా సీటు సీటే కదా సార్" అంది అమ్మాయి.

"మా సూపరింటెండెంటుగారిని నువ్వు సూణ్ణేదమ్మా" అన్నాడు సన్యాసినాయుడు.

ఈలోగా పులుసు పక్కనున్న తెల్లకారు చక్రాన్ని వాసన చూసి, కాలెత్తింది. దాంతో షోరూములో వాళ్ళ పని ముగిసింది.

మూడోది షోరూములో దొరకలేదు. పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఒకతని దగ్గర పాత జీపులాంటి బండి ఉంది. వెనక తలుపు కిందకి తెరుచుకుంటుంది, ఎక్కడానికి మెట్టు ఉంది, లోపల ఎదురుబదురుగా రెండు బల్ల సీట్లు. మధ్యలో వంట అండాలు పెట్టుకునే చోట మూడు కుక్కలూ పడుకున్నాయి. బుక్కులో ఎనిమిది సీట్లు. సన్యాసినాయుడు తన వ్యాను అతనికిచ్చి, పైన కొంత కలిపి, ఆ బండి తెచ్చుకున్నాడు. మసాలా వాసనకి మేస్త్రి చాలా రోజుల తర్వాత నాలుక బయటపెట్టి పెదాలు నాక్కున్నాడు. వరాలు అది చూసి, ఇంక కష్టాలు అయిపోయాయిలే అనుకుంది.

ధ్రువపత్రానికి ముందు బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూడాలి. ఆయన పేరు దానియేలు. ఆయన దగ్గర డబ్బు మాట ఎత్తడానికి వీల్లేదు, రూలు మాటే ఎత్తాలి. అందుకని ఆయన దగ్గర పని జరగడం కష్టమని డ్రైవర్లంతా చెబుతారు.

"బెల్టులేవి?" అన్నాడు.

"కుక్కలకా సార్?"

"సభ్యులకి. ప్రతి సభ్యుడూ సీటు మీద, ముందుకు చూస్తూ, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి."

వారం టైమిచ్చాడు. సన్యాసినాయుడు బల్ల సీట్లు విప్పించి ముందుకి తిప్పించాడు. వరాలు పాత బ్యాగుల పట్టీలు కోసి, లోపల దూది పెట్టి, మూడు బెల్టులు కుట్టింది. మేస్త్రి ఎముకలకి గుచ్చుకోకుండా అతని బెల్టుకి రెండు మడతలు దూది ఎక్కువ పెట్టింది. ఆ వారమంతా పైడమ్మ పెరట్లో కుర్చీల మీద కుక్కల్ని కూర్చోబెట్టి, కూకో, కూకో అంటూ నేర్పింది. జున్ను నేర్చుకుంది. పులుసు కుర్చీ తినేసింది. మేస్త్రి ఆవిడ వైపు జాలిగా చూసి, కుర్చీ కింద నీడలో పడుకున్నాడు.

పరీక్ష రోజున దానియేలు గడియారం పెట్టుకుని, బండిని మైదానం చుట్టూ తిప్పించాడు. మొదటి చుట్టు సగంలోనే మూడూ పడుకున్నాయి. బెల్టులతో సహా పడుకున్నాయి.

ఆయన బండి ఆపించి, కాగితం మీద చాలాసేపు రాశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "చూడండి నాయుడుగారూ. మీవాళ్ళు కూర్చునే ప్రయాణికులు కాదు, పడుకునే ప్రయాణికులు. పడుకునే ప్రయాణికుడు మూడు సీట్ల చోటు ఆక్రమిస్తాడు. మూడు మూళ్ళు తొమ్మిది. మీరు ముగ్గురు. మొత్తం పన్నెండు."

"నేను మొదట్నుంచీ సెప్తన్నది అదే గదా సార్. తొంగుంటాయని."

"అవును, మీ మాటే రాసుకున్నాను. పన్నెండు సీట్ల బండి కారు కాదు, బస్సు. బస్సు తెండి."

"కూకున్న కుక్కకి ఒకటి, తొంగున్న కుక్కకి మూడు" అంది పైడమ్మ. "నిలబడితేనో?"

"నిలబడి ప్రయాణించడం నిషేధం."

ఇంటికొచ్చారు. అప్పటికి మే నెల సగమైంది. వరాలు మేస్త్రి పక్కన కూర్చుని, చెంచాతో మజ్జిగ పోసింది. సగం పెదవి పక్కనుంచి కారిపోయింది. ఆమె కొంగుతో తుడిచి, "ఏమండీ, మీ స్కూలు ఎనకాల పాత బస్సొకటి పడుంది కదా" అంది.

స్కూలు కరస్పాండెంటుకి ఆ బస్సు సంగతే గుర్తులేదు. టైర్లు మార్చుకుంటే సెలవులు అయ్యేదాకా వాడుకో అన్నాడు. సన్యాసినాయుడు నాలుగు రోజులు దాని కింద పడుకుని బాగుచేశాడు. చిన్న పిల్లల కోసం వేసిన సీట్లు కాబట్టి ఎత్తు తక్కువ, రెండు సీట్లకీ మధ్య చోటు ఎక్కువ. వెనక గోడ పొడుగునా ఒకే సీటు. మేస్త్రి దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పడుకున్నాడు. ఇన్ని బండ్లు చూశాక కుక్కల్తో శిబిరానికి వెళ్ళడానికి సరిపోయిన బండి అదొక్కటే అయింది. ముప్ఫై రెండు సీట్లు.

బస్సు అన్నాక కండక్టరు ఉండాలన్నారు. వరాలు పరీక్ష రాసి కండక్టరు బ్యాడ్జి తెచ్చుకుంది. మందుల పెట్టె ఉండాలన్నారు, పెట్టారు. దానియేలు అన్నీ చూసి, ఒక్క లోపం కూడా లేదని ఒప్పుకుని, చివర్లో తలుపు మీద రాయాల్సిన అక్షరాలు ఇచ్చాడు. ప్రతి బస్సు మీదా అవి ఉండాలి. పెయింటరు రాశాక వరాలు పైకి చదివింది. "ఈ బస్సునందు కుక్కలను ఎక్కించరాదు."

ముగ్గురూ మళ్ళీ నరహరి గారి దగ్గరికి వెళ్ళారు. ఈసారి ఆయన కూడా కాసేపు ఆలోచించాడు. ఫైళ్ళు తెప్పించాడు. తేనీరు రెండుసార్లు సరఫరా గావింపబడింది.

"బస్సులో శునకములను ఎక్కించరాదు. సత్యము. కానీ కుటుంబ సభ్యులను ఎక్కించవచ్చును. నాలుగవ పేరా ప్రకారము వీరు కుటుంబ సభ్యులు. కావున వీరు శునకములు కారని ధ్రువపత్రము పొందినచో ఇబ్బంది తొలగును."

"అదెవరిస్తారండి?"

"నేనే ఇత్తును" అన్నాడు నరహరి గారు. పన్నెండేళ్ళలో ఆయన ముఖంలో అంత వెలుగు ఎవరూ చూడలేదట. తన చేత్తోనే రాశాడు. జున్ను, పులుసు, మేస్త్రి అను సభ్యులు సదరు ప్రయాణము నిమిత్తము శునకములు కారు. కింద గుండ్రటి ముద్ర వేశాడు.

బయటికొస్తూ పైడమ్మ ఆ కాగితాన్ని ఎండకి అడ్డంగా నెత్తిన పెట్టుకుంది. "మనిషినని నాకింతవరకూ ఎవరూ రాసియ్యనేదు" అంది.

మర్నాడు బస్సు కొండ ఎక్కింది. గేటు దగ్గర జోగులు టోపీ సర్దుకుని, కాగితాలన్నీ చూశాడు. సభ్యుల లిస్టు చూశాడు. ధ్రువపత్రం చూశాడు. మళ్ళీ లిస్టు చూశాడు.

"అన్నా, ఇది శునక సహిత విహారం. కుక్కలున్న కుటుంబాల్నే లోపలికి ఒగ్గాల. మీ లిస్టులో కుక్కల్లేవు కదా."

సన్యాసినాయుడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, వాటి మీద నుదురు ఆనించాడు. ఇన్నాళ్ళలో అతను అలా కూర్చోవడం వరాలు ఎప్పుడూ చూడలేదు. ఆమె దిగి, జోగులు దగ్గరికి వెళ్ళింది. "ఏం చెయ్యమంటావు తమ్ముడూ?"

జోగులు శాఖకి ఫోను చేశాడు. చాలాసేపు ఊ కొట్టి, పెట్టేశాడు. "బస్సులో ఉన్నంతసేపు సభ్యులంట. కింద కాలెడితే కుక్కలంట. గేటు దగ్గర దిగి, కుక్కలయిపోయి, రెండు కిలోమీటర్లు నడిసి ఎల్లాలంట."

పులుసు, జున్ను దూకేశాయి. అవి ఆ క్షణంలో కుక్కలయ్యాయి గానీ, వాటికేమీ తేడా తెలిసినట్టు లేదు. మేస్త్రి వెనక సీటు మీద నుంచి లేవలేదు. తలెత్తి, దిగాలా అన్నట్టు పైడమ్మ వైపు చూశాడు.

జోగులు బస్సెక్కి వెనక దాకా వెళ్ళి, మేస్త్రి డొక్కలు చూసి, కిందకి దిగాడు. "ఆ ముసిలాయన్ని దింపకండి. ఆయన సభ్యుడిగానే ఉండనీ. కుక్కల కింద ఈ రెండూ సాల్తాయి." గేటు ఎత్తాడు.

గెడ్డ ఒడ్డున గచ్చు వేసి, రంగు రాళ్ళు పేర్చి, నియమాల బోర్డు పెట్టారు. వేరే కుటుంబం ఒక్కటీ లేదు. పథకం మొదలైన దగ్గర్నుంచి ఆ గేటు దాటి లోపలికి వచ్చింది వీళ్ళేనట. బోర్డు వెనక్కి పోయి, ఎప్పటి చోటే చూసుకుని టార్పాలిన్ కట్టారు. ఆ సాయంత్రం మేస్త్రి నీళ్ళలో ముందుకాళ్ళు పెట్టి నిలబడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ కోడి పులుసు అన్నం కలిపి పెడితే, వాసన చూసి, ఒక ముద్ద తిన్నాడు. తర్వాత ఇంకొకటి తిన్నాడు. వరాలు పక్కకి తిరిగి కూర్చుంది. "ఉప్పెక్కువైందేటే, కళ్ళమ్మట నీళ్ళొస్తన్నాయి" అంది పైడమ్మ.

మూడో రోజు పొద్దున్న పై నుంచి కాలిబాటన ఒక డోలీ దిగింది. కర్రకి దుప్పటి కట్టి ఇద్దరు మోస్తున్నారు. దుప్పట్లో నిండు గర్భిణి ఉంది. వెనకే ఒక పెద్దామె వస్తోంది. మోస్తున్న వాళ్ళలో ముందున్నవాడు బస్సుని చూసి ఆగిపోయాడు. అతని పేరు వంతల సుక్రు. దుప్పట్లో ఉన్నది అతని భార్య మంగులి. పెద్దామె మంగులి మేనత్త.

"ఇది పైకెలాగొచ్చింది బాబూ?" అన్నాడు సుక్రు. "మా ఊళ్ళకి బస్సెయ్యమని ఆరుసార్లు కాయితం ఎట్టినాం. ఈ రోడ్డు బస్సుకి పనికిరాదని రాసినారు."

"మా కుక్కలకి కావాలంటే పనికొచ్చింది" అన్నాడు సన్యాసినాయుడు. ఆ మాట అన్నాక అతనికే సిగ్గేసింది. "ఎక్కించండి. ఆసుపత్రికి పోదాం."

మంగులిని వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. మేస్త్రిని పైడమ్మ ఒళ్ళోకి లాక్కుంది. డోలీ మోసిన రెండో అతన్ని టార్పాలిన్ దగ్గర కాపలా ఉంచి బయలుదేరారు. గేటు దగ్గర జోగులు చెయ్యెత్తాడు.

"అన్నా, ఏటనుకోకు. ఈ బస్సులో లిస్టులో ఉన్న సభ్యులే ఎక్కాల. ఆరుగురు లోపలికెళ్ళినారు, ఆరుగురే రావాల. నా ఉద్యోగం పోతాది."

వెనక నుంచి మంగులి మూలుగు వినపడింది. వరాలు డ్రైవరు పక్కన సంచిలోంచి లిస్టు తీసి, పెన్ను మూత నోటితో లాగి, మోకాలి మీద పెట్టుకుని మూడు పేర్లు రాసింది. జోగులు చేతికిచ్చింది.

"సుట్టరికం రాయనేదు."

"ఆమె మరదలు. ఆయన తమ్ముడు. ఆవిడ అత్త."

"కొండోళ్ళు మీకెలగ సుట్టాలమ్మా? సర్టిఫికెట్టు అడుగుతారు."

పైడమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. గొంతు పెంచలేదు. "జోగులూ, ఈ ముసిలి కుక్క మాకు సభ్యుడంటే నువ్వు నమ్మి గేటెత్తినావు. నమ్మలేనిదేదో ఇప్పుడు సెప్తన్నామా?"

జోగులు లిస్టు వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత గేటు పుస్తకంలో తొమ్మిదిమంది అని రాసి, గేటు కర్ర ఎత్తాడు. "బేగెల్లండి" అన్నాడు.

ఘాటు రోడ్డు దిగుతుండగా ఏడో మలుపు దగ్గర మేనత్త బండి ఆపమంది. సన్యాసినాయుడు ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, సుక్రుతో కలిసి అవతల నిలబడ్డాడు. ఇద్దరూ లోయ వైపే చూస్తూ ఉండిపోయారు. సన్యాసినాయుడు బీడీ వెలిగించి ఇచ్చాడు, సుక్రు పట్టుకున్నాడు గానీ పీల్చలేదు. కొంతసేపటికి లోపల సన్నగా ఏడుపు వినపడింది. జున్ను, పులుసు ఒకేసారి మొరిగాయి. పైడమ్మ వాటిని కసిరి, "మొగపిల్లోడు" అని కేకేసింది.

ఆసుపత్రిలో తల్లినీ బిడ్డనీ చూసి, ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే తల్లి దక్కేది కాదన్నారు. మేస్త్రి ఆ ఎండలో కూడా ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద నర్సు వేసిన ఇడ్లీ ఒకటి తిన్నాడు.

పది రోజులకి శాఖ నుంచి తాఖీదు వచ్చింది. కింద నరహరి గారి సంతకం ఉంది. "సదరు బస్సు తొమ్మిదిమందితో గేటు దాటినట్లు గేటు పుస్తకమునందును, పదిమందితో ఆసుపత్రి చేరినట్లు ఆసుపత్రి పుస్తకమునందును నమోదై ఉన్నది. పదవ ప్రయాణికుడు ఏ స్టాపునందు ఎక్కెను? ఆ స్టాపునకు అనుమతి కలదా? ఎక్కినప్పుడు అతనికి సీటు చూపబడినదా? వారము దినములలో కండక్టరు సంజాయిషీ ఇవ్వవలెను."

కండక్టరంటే వరాలే కాబట్టి, ఆమె మిషను బల్ల మీద ఆ కాగితాన్ని తిరగేసి, వెనక వైపు జవాబు రాసింది. "ఏడో మలుపు దగ్గర ఎక్కాడు. అనుమతి అడగలేదు. సీటు వాళ్ళమ్మ ఒడి."

ఆ జవాబు మీద శాఖలో పెద్ద చర్చ నడిచిందట. ఈలోగా సెలవులు అయ్యేదాకా బస్సు రోజు విడిచి రోజు కొండకి తిరిగింది. పై ఊళ్ళ వాళ్ళు సంతకి, ఆసుపత్రికి, పిల్లల చదువులకి దిగుతూ ఎక్కుతూ ఉన్నారు. ఎక్కే ప్రతివాళ్ళ పేరూ వరాలు లిస్టులో చుట్టరికంతో సహా రాసేది. జూన్ రెండో వారానికి ఆమెకి నూటనలభై మంది ఆడపడుచులు, మరదళ్ళు, బావలు తేలారు. జోగులు ఒక్కొక్క పేరూ చదివి, తలూపి, గేటు ఎత్తేవాడు. స్కూలు తెరిచాక కరస్పాండెంటు ఆ పాత బస్సుని తిరిగి అడగలేదు. ఆదివారాలు ఇప్పటికీ తిరుగుతోంది.

శాఖవారు మాత్రం ఒక కమిటీ వేశారు. తల్లి ఒడిని సీటుగా లెక్కించవచ్చునా, లెక్కిస్తే ఒకటిగానా మూడుగానా అన్నది అందులో పరిశీలనలో ఉంది.